తెరమీది పాఠమూ తరగతి గదీ

ఇటీవల తెలుగు అధ్యాపకులు నలుగురు యెక్కడ కలుసుకున్నా మాట అంతర్జాల పాఠాల మీదికి పోతున్నది. 2020 మార్చిలో కళాశాలలు మూతపడినప్పుడు గత్యంతరం లేక చేపట్టిన పని, గదులు తెరిచిన తరవాత కూడా అలవాటుగా మిగిలిపోయింది. ఫలానా వీడియో బాగుందంటారు వొకరు. ఫలానా చోట పుస్తకాలన్నీ ఉచితంగా దొరుకుతున్నాయంటారు ఇంకొకరు. బాగుండటమంటే యేమిటని మాత్రం యెవరూ అడగరు. వొక కావ్యాన్ని గురించి "బాగుంది" అని వూరుకునేవాణ్ణి విమర్శకుడని మనం వొప్పుకోము. విద్యార్థి చేతికి ఆ కావ్యానికి బదులుగా వెళ్ళే వస్తువు విషయంలో అదే మాటతో యెందుకు తృప్తి పడుతున్నట్టు?

యీ వనరుల మంచిచెడ్డలు నిర్ణయించటానికి తయారైన మదింపు పత్రాలు కొన్ని నేను చూశాను. బొమ్మ స్పష్టంగా వున్నదా, మాట వినబడుతున్నదా, నిడివి యెంత, పాఠ్యప్రణాళికకు అనుగుణంగా వున్నదా - ఇవీ అందులోని ప్రశ్నలు. సినిమాహాలుకు యంత్రం కొనేవాడు అడగవలసిన ప్రశ్నలివి. సాహిత్యం చెప్పేవాడు అడగవలసినవి వేరే వున్నాయి. యీ పాఠం యే ప్రతినుంచి వచ్చింది? చెబుతున్నది యెవరు, దేని ఆధారంతో? విద్యార్థి దానితో పేచీ పెట్టుకోవటానికి సందు వున్నదా? యీ చివరిదే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. తెనాలిలో వుంటూ బాపట్లలోనూ రేపల్లెలోనూ కూడా పాఠాలు చెప్పినవాడిగా నాకు కలిగిన అనుభవం మీద యీ మాట అంటున్నాను.

తెనాలిలో వొక తరగతికి "కన్యాశుల్కం" మొదలు పెడుతూ, నాటకంలో యెన్ని అంకాలున్నాయో చూసి రమ్మన్నాను. మర్నాడు సగంమంది అయిదన్నారు, తక్కిన సగంమంది యేడన్నారు. అందరూ ఫోను చూసే చెప్పారు. అందరి మాటా నిజమే. గురజాడ 1897లో అచ్చు వేయించిన నాటకానికి 5 అంకాలు, 1909లో ఆయనే తిరగరాసిన నాటకానికి 7. ఇవాళ మనం యెరిగిన మధురవాణి పూర్తిగా రూపు దిద్దుకున్నది రెండో కూర్పులోనే. పన్నెండేళ్ళలో వొక రచయిత తన నాటకాన్ని యెందుకంతగా మార్చుకున్నాడన్నది ఆధునిక సాహిత్య పాఠాల్లోకల్లా గొప్ప పాఠం. కాని ఆ విద్యార్థులు చూసిన పుటల్లో వొక్కదానిలోనూ అది యే కూర్పో చెప్పలేదు. అచ్చు పుస్తకమైతే ముఖపత్రం వెనక యే సంవత్సరం, యెన్నో ముద్రణ, యెవరి పరిష్కారం అనేవి చిన్న అక్షరాల్లోనైనా వుంటాయి. తెర మీదికి వచ్చేసరికి మొట్టమొదట రాలిపోతున్నది ఆ ముఖపత్రమే.

ఇంకొక అనుభవం. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు దారిలో భట్టిప్రోలు తగులుతుంది. ఆ వూరి విద్యార్థి వొకడు రైల్లో నా పక్కన చేరి ఫోనులో వొక వీడియో చూపించాడు. "తెలుగు లిపి పుట్టింది మా వూళ్ళోనట సార్!" అన్నాడు. అతని ముఖంలో వెలుగు చూస్తే కాదనబుద్ధి పుట్టలేదు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని తవ్వించినప్పుడు బయటపడిన ధాతుకరండాల మీది రాతలు నిజంగానే అపురూపమైనవి. బూలర్ పండితుడు వాటిని చదివి ప్రకటించాడు. మామూలు బ్రాహ్మిలో హల్లు రాస్తే అకారం అందులోనే ఇమిడి వుంటుంది. భట్టిప్రోలు లేఖకుడు అకారానికి కూడా ప్రత్యేకంగా గీత పెట్టాడు. అంతవరకు సరే. కాని ఆ రాతల్లోని భాష ప్రాకృతం. ఆ అక్షరాలు బ్రాహ్మికి వొక స్థానిక రూపం. వాటినుంచి నేటి మన లిపి దాకా తిన్నగా గీత గీయవచ్చునా అన్నది పండితులు వాదించుకునే విషయం. వీడియోలో ఆ వాదం వూసే లేదు, తీర్పు మాత్రం వున్నది. తీర్పు వెనక డప్పులు కూడా వున్నాయి. అతను దిగిపోయేలోగా ప్రాకృతం సంగతి చెప్పాను. మర్నాడు తరగతికి వచ్చి, "ప్రాకృతమైతే మాత్రం మా వూరికేం తక్కువ సార్?" అని నిలదీశాడు. ఆ ప్రశ్న మీద గంటసేపు తరగతి నడిచింది. వీడియో చూసినంతసేపూ అతనికి యే ప్రశ్నా పుట్టలేదన్నది గమనించవలసిన విషయం.

ఇక "మాలపల్లి" సంగతి. యీ విషయాన్ని కాస్త వివరంగా చెప్పాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ నవల 1922లో వెలువడింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. గుంటూరు సీమ పల్లెల మాట అందులో వున్నంత నిండుగా అంతకు ముందు వచనంలో లేదు. రామదాసు కుటుంబం మాలపల్లెది. అతని చిన్నకొడుకు సంగదాసు శాంతంగా, సంస్కారంతో మనుషుల్ని మార్చవచ్చునని నమ్మినవాడు; భూస్వామి చౌదరయ్య దెబ్బకు ప్రాణం పోగొట్టుకున్నాడు. పెద్దకొడుకు వెంకటదాసు ఇల్లు విడిచి తక్కెళ్ళ జగ్గడై, ఉన్నవాళ్ళను కొట్టి లేనివాళ్ళకు పెట్టాడు. వొకే తండ్రి కడుపున పుట్టిన యీ ఇద్దరూ వొకే అన్యాయానికి రెండు సమాధానాలు. రచయిత సానుభూతి యెటువైపు మొగ్గినా, రెండో సమాధానాన్ని ఆయన దాచలేదు. నవలకు ప్రాణం ఆ దాచకపోవటంలోనే వున్నది.

పరీక్షల ముందు బాపట్ల విద్యార్థుల మధ్య తిరిగే "మాలపల్లి సారాంశం" పాఠాలు నాలుగు శ్రద్ధగా విన్నాను. పావుగంట నిడివి, మంచి కంఠాలు, దోషం లేని ఉచ్చారణ. పైన చెప్పిన మదింపు పత్రంలో పెడితే నాలుగింటికీ నిండు మార్కులు వస్తాయి. నాలుగింటిలోనూ సంగదాసు వున్నాడు, హరిజనోద్ధరణ వుంది, గాంధీగారున్నారు. వెంకటదాసు రెండింటిలో "దారి తప్పిన అన్న"గా అరవాక్యంలో వెళ్ళిపోయాడు. మిగతా రెండింటిలో ఆ అరవాక్యం కూడా లేదు. కూలి తగాదా యే వొక్కదానిలోనూ లేదు. వొకప్పుడు ప్రభుత్వం భయపడి నిషేధించిన పుస్తకాన్ని, ఇవాళ యెవరూ నిషేధించకుండానే, భయపడవలసిన భాగం తీసివేసి పిల్లలకు అందిస్తున్నాం. యీ పని చేసినవాళ్ళకు దురుద్దేశం వున్నదని నేననను. "పరీక్షకు యేమి వస్తుంది?" అన్న ప్రశ్నతో నవల చదివితే వెంకటదాసు తనంత తానే జారిపోతాడు.

మనవాళ్ళు చేసిన ఉపన్యాసం కూడా వొకటి విన్నాను. అందులో వెంకటదాసే కథానాయకుడు. సంగదాసు వొట్టి భ్రమల మనిషి. నా మొగ్గు అటువైపే అయినా, విద్యార్థికి జరిగే నష్టం మాత్రం అంతే. అతను వినవలసింది అన్నదమ్ముల తగాదా. వింటున్నది వొక పక్షం వకీలు వాదన.

మరి విద్యార్థులు నవలే చదవవచ్చు గదా అంటారు. పుస్తకం దొరకదని కాదు. ఉన్నవ 1958లో మరణించారు. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 యేళ్ళు గడిస్తే రచన అందరిదీ అవుతుంది. కనక 2019 నుంచి "మాలపల్లి" మీద యెవరి హక్కూ లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద మన పాత పుస్తకాలను వేల సంఖ్యలో స్కాను చేశారు. ఆ పని చేసినవాళ్ళకు తెలుగు జాతి రుణపడి వున్నది. అయితే పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో యెవరికి తోచినట్టు వారు రాయటంవల్ల తెలుగులో వెతికేవాడికి సగం పుస్తకాలు దొరకవు. పుటలు వంకర, కొన్ని పుటలు మాయం, ఫైలు బరువు. మొత్తం ఫైలు దింపుకోవటానికి విద్యార్థికి వోపిక చాలదు. పావుగంట వీడియో దానంతటదే వచ్చి మీద పడుతుంది.

వికీసోర్సు పద్ధతి నాకు ఇంతకన్నా నచ్చింది. అచ్చుపుట బొమ్మ వొక పక్కన, టైపు చేసిన పాఠం దాని పక్కన వుంటాయి. యెవరూ దిద్దని పుటకు యెరుపు రంగు, వొకరు దిద్దినదానికి పసుపు, మరొకరు సరిచూసినదానికి ఆకుపచ్చ. తనను యెంతవరకు నమ్మవచ్చునో తానే చెప్పుకునే పుస్తకం నాకు మరెక్కడా కనబడలేదు. విద్యార్థికి తప్పు కనబడితే తనే దిద్దవచ్చు. ఆంధ్రభారతిలో వొక మాట వెతికితే బ్రౌను, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు వొక్కచోటే పలుకుతాయి. వొక్కొక్కసారి వొకదానితో వొకటి పొసగవు. ఆ పొసగకపోవటం తరగతిలో నాకు యెంత పనికి వచ్చిందో చెప్పలేను. ఇలాంటివాటిలో తళుకు లేదు, డప్పులు లేవు, పరీక్షకు తయారు జవాబులు లేవు. నా లెక్కలో తరగతికి పనికివచ్చే వనరులు ఇవి.

కాని ఇక్కడొక చిక్కు వున్నది. ఉచితంగా దొరికేది ప్రధానంగా పాత సాహిత్యం. జాషువ 1971లో మరణించారు. ఆయన రచనల మీద హక్కు 2031 చివరిదాకా వుంటుంది. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1980లో పోయారు. 2040 దాకా ఆగాలి. శ్రీశ్రీకి 2043 దాకా. అంటే ప్రబంధ యుగం యావత్తూ విద్యార్థి జేబులోకి వచ్చింది. అతని తాత ముత్తాతల బతుకు రాసిన సాహిత్యం మాత్రం సారాంశాల రూపంలోనే వస్తున్నది. యీ వొరుగుదలను యెవరూ కోరి తెచ్చిపెట్టలేదు. అయినా తరగతిలో దాని ఫలితం వున్నది. కలం మీద బతికేవాడి హక్కును కాదనటం మన పని కాదు. కాని యేళ్ళ తరబడి అచ్చులోనే లేని పుస్తకం మీద హక్కువల్ల యెవరికి కూడు పుడుతున్నది?

బోధన సందర్భంలో ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని నకలు తీసుకోవటాన్ని 1957 నాటి ఆ చట్టమే అనుమతించింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆవరణలోని నకళ్ళ దుకాణం కేసులో 2016లో అక్కడి హైకోర్టు దాన్ని విశాలంగానే వ్యాఖ్యానించింది. యీ సంగతి తెలియక భయపడే అధ్యాపకులు చాలామంది వున్నారు. ఇక మన సంఘం మాట. 1943లో తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన తొలి మహాసభ జరుపుకున్నది యీ తెనాలిలోనే. ఆనాటి నుంచి మనవాళ్ళు రాసినదానిలో, తమంత తాముగానో వారసుల చేతనో అనుమతి ఇప్పించి విద్యార్థులకు అందుబాటులో పెట్టినది యెంత? పాత సంచికలు మన అటకల మీద చెదలకు మేత అవుతుంటే, సారాంశాలు చెప్పేవాణ్ణి తిట్టే హక్కు మనకు సగమే వుంటుంది.

రేపల్లె వైపు ఇళ్ళలో సాధారణంగా మంచి ఫోను వొక్కటే వుంటుంది. అది తండ్రితో రొయ్యల చెరువు గట్టు మీదికి పోతుంది. రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వస్తుంది. ఆ పిల్లవాడికి "యెప్పుడైనా, యెక్కడైనా చదువు" అన్న నినాదానికి అర్థం రాత్రి తొమ్మిది తరవాత, బాటరీ వున్నంతసేపు. వీడియోకయ్యే ఖర్చుతో టైపు పాఠం యెన్నోసార్లు దింపుకోవచ్చు, వొకరి ఫోనునుంచి ఇంకొకరి ఫోనుకు పంపవచ్చు, కాగితం మీద తీసుకోవచ్చు. మదింపులో నేను చేర్చదలచిన మరో ప్రశ్న ఇది: దీనికి ప్రతి తీసుకోవచ్చునా? 2022 జూన్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం బైజూస్ సంస్థతో ఒప్పందం చేసుకుని, డిసెంబరులో ఆ పాఠాలు నింపిన ట్యాబులను 8వ తరగతి పిల్లలకు పంచింది. 2024 జులైలో ఆ సంస్థ మీద దివాలా విచారణ మొదలైంది. డిజిటల్ లైబ్రరీ సొంత గూడు కూడా మూతపడింది; అయినా అందులోని పుస్తకాలకు ఇతరులు ప్రతులు తీసి ఇంటర్నెట్ ఆర్కైవులో పెట్టారు గనక అవి ఇవాళ మనకు దొరుకుతున్నాయి.

కిందటి యేడు బాపట్లలో వొక తరగతికి సంగదాసు మరణ ఘట్టం వున్న పుటలు స్కానునుంచి తీసి ఇచ్చి, తాము విన్న సారాంశంతో పోల్చి రాయమన్నాను. నేను తొందరలో సరిచూసుకోలేదు. మధ్యలో వొక పుట లేదు. వెనక బెంచీ అమ్మాయి వొకతె కథ అక్కడ అతకటం లేదని పట్టుకున్నది. సారాంశంలో వుంటుందేమోనని వెతికింది. అందులో ఆ ఘట్టం వొక్క వాక్యం. శనివారం నాడు గ్రంథాలయానికి పోయి, పాత ముద్రణ తీయించి, ఆ పుటను చేత్తో రాసుకు వచ్చింది. ఇప్పుడు ఆ తరగతి విద్యార్థుల ప్రతులన్నిటిలోనూ మధ్యలో వొక పుట ఆమె దస్తూరీలో వున్నది.