పరిగెత్తింది ఈ కారేనా?

1990లో లండన్ హైకోర్టులో జస్టిస్ ఆటన్ ఎదుట ఒక పాత బెంట్లీ కారు మీద వాదన నడిచింది. కోటి పౌండ్లకు బేరం కుదిరాక కొంటానన్న సంస్థ వెనక్కి తగ్గింది. అమ్మకందారు కోర్టుకెక్కాడు. కొనేవాళ్ల వాదన ఒకటే: మీరు చెప్పిన కారు ఇది కాదు.

చెప్పిన కారు మామూలుది కాదు. పేరు ‘ఓల్డ్ నంబర్ వన్’. ఫ్రాన్స్‌లోని ల మాన్‌లో జరిగే 24 గంటల పందెంలో 1929లో గెలిచింది, 1930లో మళ్లీ గెలిచింది. రెండుసార్లూ దాన్ని నడిపినవాళ్లలో వూల్ఫ్ బర్నాటో ఉన్నాడు. దక్షిణాఫ్రికా వజ్రాల సంపద వారసుడు, బెంట్లీ కంపెనీని డబ్బు పెట్టి నిలబెట్టినవాడు. ల మాన్‌లో మూడుసార్లు పోటీ చేసి మూడుసార్లూ గెలిచిన మనిషి. ఆ గెలుపుల తర్వాత కారును షెడ్డులో పెట్టి తాళం వేయలేదు. మార్చారు, మళ్లీ మార్చారు. 1932 నాటికి అందులో ఎనిమిది లీటర్ల ఇంజిన్ కూర్చుంది. ఆ సెప్టెంబర్‌లో బ్రూక్‌లాండ్స్ 500 మైళ్ల పందెంలో క్లైవ్ డన్‌ఫీ దాన్ని నడుపుతుండగా, ఏటవాలు ట్రాక్ అంచు దాటి కారు ఎగిరి పడింది. డన్‌ఫీ చనిపోయాడు. కారును మళ్లీ కట్టారు, ఈసారి రోడ్డు మీద తిరిగే కూపేగా. దశాబ్దాలు గడిచాక మరొకరు దానికి తిరిగి ల మాన్ రూపం తొడిగారు.

కోర్టులో నిపుణులు ఒక్కొక్క భాగం లెక్క తేల్చారు. 1929లో గెలిచిన కారులోంచి, ఏ కాలానివో చెప్పలేని చిన్నాచితకా బిగింపులు తప్ప ఏమీ మిగల్లేదు. 1930 కారులోంచి పెడల్ షాఫ్టు, గేర్‌బాక్సు తొడుగు, స్టీరింగ్ కాలమ్ మిగిలాయి. అంతే. అయినా జడ్జి అమ్మకందారు పక్షాన తీర్పిచ్చాడు. భాగాలు ఒక్కసారిగా మారలేదు, వచ్చినవి వచ్చినట్టు పాతవాటిలో కలిసిపోయాయి, చరిత్ర ఎక్కడా తెగలేదు, ఆ పేరు నాదని చెప్పుకోగల ఇంకో బెంట్లీ ఈ లోకంలో లేదు అన్నది ఆయన తర్కం.

ఆ తీర్పు సరైనదని నేను నమ్ముతాను. ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టిన కొత్తలో నన్ను పట్టుకున్నది మాత్రం తీర్పు కన్నా దాని కింద ఉన్న సాక్ష్యం. అరవై ఏళ్ల కిందటి కారులో ఏ భాగం ఎప్పుడు ఊడింది, ఎప్పుడు వచ్చిందన్నది కోర్టులో నిలబడేటంత కచ్చితంగా చెప్పగలిగారంటే, అప్పటికే ఎవరో కూర్చుని అదంతా రాసిపెట్టి ఉండాలి. జీతం లేకుండా, ఎవరూ అడగకుండా.

అలా రాసినవాళ్లు నిజంగానే ఉన్నారు. 1919 నుంచి 1931 దాకా, అంటే రోల్స్ రాయిస్ చేతిలోకి పోయేదాకా, బెంట్లీ కంపెనీ తయారుచేసిన కార్లన్నిటినీ మైకేల్ హే ఛాసిస్ నంబర్ల వారీగా పుస్తకానికెక్కించాడు. ఏ ఇంజిన్‌తో బయటికొచ్చింది, బాడీ ఎవరు కట్టారు, తర్వాత ఏమైంది అంటూ. ఆల్ఫా రోమియో 8సి 2300 కార్ల మీద సైమన్ మూర్ అదే పని చేశాడు. బుగాటి ఫ్యాక్టరీ డ్రాయింగులను ఇంగ్లండ్‌లో ప్రెస్కాట్ కొండ దగ్గర ఒక ట్రస్టు భద్రం చేస్తోంది. ఈ పుస్తకాలు నవలల్లా సాగవు. పేజీల నిండా నంబర్లూ తేదీలే. కానీ ఒక్క నంబరు పట్టుకుని దాని వెంట పోతే ఒక బతుకంతా కనబడుతుంది: కొన్న దొర, పందెం, ప్రమాదం, అప్పులు, అమ్మకం, కోళ్ల షెడ్డు, మళ్లీ వెలుగు.

పందెం కారుకు ఈ తిప్పలు ఎందుకో చెప్పాలి. దాన్ని తయారుచేసినవాడికి అది వచ్చే ఆదివారం దాకా పనికొచ్చే వస్తువు. పందెం అవగానే ఇంజిన్ దించుతారు. ఒక కారు ముందు ఇరుసు ఇంకో కారుకు పోతుంది. విరిగిన ఛాసిస్ మూలన పడి, దాని నంబరు ప్లేటు కొత్తదానికి ఎక్కుతుంది. పోయినేటి కారంటే ఫ్యాక్టరీకి స్థలం దండగ. మాజెరాటీ 250ఎఫ్ కార్లను చూడండి. 1957 ఆగస్టులో నూర్‌బుర్గ్‌రింగ్‌లో డ్రైవర్ ఫాంజియో తన జీవితంలోకెల్లా గొప్ప పందెం గెలిచింది ఆ కారుతోనే. ఫ్యాక్టరీ వాటిలో కొన్నింటికి మధ్యలో నంబర్లు మార్చింది. పైగా ఆ రోజుల్లో జట్లు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి కార్లు తీసుకెళ్లాలంటే కస్టమ్స్ కాగితాలు కావాలి. కాగితంలో ఉన్న నంబరు కారు మీద ఉంటే చాలు, సరిహద్దు దాటిస్తారు. కారు మారినా కాగితం మారకపోతే పని సులువు. అందుకని ప్లేటు పీకి ఇంకో కారుకు బిగించేవారు. అందులో మోసమేమీ లేదు, అప్పటి అవసరం. డెబ్బై ఏళ్ల తర్వాత ఆ ముడి విప్పేవాడికి మాత్రం నరకం.

ఛాసిస్ నంబరు అంటే ఏమిటో మన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పాత లారీ గానీ స్కూటర్ గానీ పేరు మార్పించుకోవడానికి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. నంబరు పొడిచిన చోట గ్రీజు తుడిచి, పల్చటి కాగితం అద్ది, పెన్సిల్‌తో అడ్డంగా రుద్దుతారు. నల్లటి పూతలోంచి తెల్లటి అంకెలు పైకి తేలతాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దాన్ని ఆర్.సి. బుక్కుతో పోల్చుకుంటాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఒకసారి నేను ఆ పని దగ్గరుండి చూశాను. కాగితం మీదికొచ్చిన అంకెల్లో ఒకటి కొంచెం కిందికి జారి ఉంది, ఇంకొకటి ఎడమవైపు లోతుగా, కుడివైపు తేలికగా దిగింది. ఎన్నో ఏళ్ల కింద ఎక్కడో సుత్తి పట్టుకున్న చెయ్యి ఎటు వాలిందో ఆ కాగితం మీద కనబడుతోంది.

పందెం కార్ల చరిత్ర వెతికేవాళ్లు చూసేది సరిగ్గా ఆ వాలునే. అంకె చదివితే సరిపోదు. అంకె రూపం చూడాలి. ప్రతి ఫ్యాక్టరీకీ తన పంచ్‌ల సెట్టు ఉంటుంది. ఒకరి 3 పైన గుండ్రంగా ఉంటే ఇంకొకరి 3 పైన చదునుగా ఉంటుంది. పాత నంబరును అరగదీసి కొత్తది పొడిస్తే అక్కడ లోహం కాస్త పల్చబడుతుంది, ఏటవాలుగా దీపం పెడితే పల్లం తెలుస్తుంది. తర్వాత ఫొటోలు. 1930 నాటి నలుపు తెలుపు ఫొటోలో బానెట్ పక్కన గాలి చీలికలు ఎన్ని, రివెట్ల మధ్య దూరం ఎంత, పెట్రోలు మూత ఏ వైపు, ఏ సొట్ట ఏ పందెంలో పడింది. భూతద్దం పెట్టుకుని రాత్రిళ్లు లెక్కపెట్టినవాళ్ల వల్లే, ఫలానా పందెంలో ఫలానా కారు పరిగెత్తిందని ఇవాళ మనం ధైర్యంగా అనగలుగుతున్నాం. పోటీ నిర్వాహకుల జాబితా తప్పు కావచ్చు, పత్రిక వార్త తప్పు కావచ్చు. రివెట్టుకు అబద్ధం చెప్పే పనేముంది?

ఈ రంగంలో నేను అందరికన్నా గౌరవించేది డెనిస్ జెంకిన్సన్‌ను. గడ్డం, పొట్టి మనిషి, బ్రిటిష్ విలేఖరి. 1955లో ఇటలీ మిల్లె మిల్యా పందెంలో డ్రైవర్ స్టిర్లింగ్ మాస్ పక్కన కూర్చుని, పొడవాటి కాగితపు చుట్ట మీద రాసుకున్న మలుపులను సైగలతో చెబుతూ వెయ్యి మైళ్లు గెలిపించినవాడు. మలుపు మలుపునూ రాసుకున్న ఆ మనిషే తర్వాత పాత కార్లను తరగతులుగా విడదీశాడు. పుట్టినప్పటి రూపం చెక్కుచెదరనివి ఒక వరస, మరమ్మతులు జరిగినా బతుకు తెగనివి ఒక వరస, ఒకటి రెండు ముక్కల చుట్టూ తిరిగి కట్టినవి ఒక వరస, అచ్చంగా కొత్తగా చేసిన నకళ్లు ఒక వరస. ఆ తరగతులు యజమానులు కొందరికి అస్సలు నచ్చలేదు. ఒక వరస దిగితే ధర కూడా దిగుతుంది మరి. జెంకిన్సన్‌కు ధర పట్టలేదు. ప్రేమించిన వస్తువు గురించి దాని విలువ తగ్గించే నిజాన్ని కూడా రాయగలగడం, నా దృష్టిలో ఈ విద్యకు ప్రాణం.

నన్ను అన్నిటికన్నా వెంటాడేది ఆటో యూనియన్ కార్ల కథ. 1932లో ఆడి, డీకేడబ్ల్యూ, హోర్ష్, వాండరర్ కలిసి ఒక్క కంపెనీ అయ్యాయి. ఇవాళ ఆడి మీద కనిపించే నాలుగు వలయాలు ఆ నాలుగే. వాళ్ల పందెం కార్లు, మొదట్లో ఫెర్డినాండ్ పోర్షె గీసినవి, జర్మనీలోని ష్విక్కావ్‌లో తయారయ్యాయి. ఇంజిన్ డ్రైవర్ వెనక, మొదట పదహారు సిలిండర్లు, 1938 నుంచి పన్నెండు. వెనక ఇంజిన్ ఉన్న గ్రాండ్ ప్రి కారు గెలవగలదని ముప్ఫైల్లో నిరూపించింది ఇవే. వీటిని అదుపులో పెట్టడం తెలిసిన బెర్న్ట్ రోజ్‌మేయర్ 1938 జనవరిలో ఆటోబాన్ మీద వేగం రికార్డు కోసం పోయి గాలి దెబ్బకు చనిపోయాడు. చివరి గెలుపు టాజియో నువొలారీది, బెల్‌గ్రేడ్‌లో, 1939 సెప్టెంబర్ 3న. అదే రోజు బ్రిటన్, ఫ్రాన్స్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించాయి.

1945లో ష్విక్కావ్ సోవియట్ సేనల ఆధీనంలోకి వచ్చింది. దాచిపెట్టిన పందెం కార్లు యుద్ధ పరిహారం కింద తూర్పుకు వెళ్లిపోయాయి. అక్కడ పరిశోధనశాలల్లో, ఫ్యాక్టరీల్లో విప్పి చూశారు. చూసిన తర్వాత చాలావరకు తుక్కయ్యాయి. మూడు దశాబ్దాల పాటు పశ్చిమ దేశాల వాళ్లకు వాటి జాడ లేదు.

1976లో లాత్వియాకు చెందిన విక్టర్స్ కుల్‌బెర్గ్స్‌కు కబురందింది, మాస్కో జిల్ ఫ్యాక్టరీలో ఒక జర్మన్ పందెం కారు తుక్కుకు పోబోతోందని. ఆయన దాన్ని కాపాడి రీగాకు చేర్చాడు. అది కొండ పందాల కోసం కట్టిన పదహారు సిలిండర్ల కారు. అసలుది తర్వాత ఆడి చేతికి వచ్చింది, రీగా మ్యూజియానికి దాని నకలు దక్కింది. ఇంకో వైపు అమెరికాలో స్థిరపడిన పాల్ కారాసిక్ ఎనభైల్లో భార్యతో కలిసి సోవియట్ దేశంలో తిరిగి తిరిగి, మరో రెండు కార్ల ముక్కలను పోగేశాడు. ఇనుప తెర ఇంకా పూర్తిగా లేవని రోజులవి. కొంటానన్నా అమ్మేవాడికి భయం, అమ్మినా సరిహద్దు దాటించడం కష్టం. ఛాసిస్, ఇంజిన్, ఇరుసు ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. ఇంగ్లండ్‌లోని క్రాస్‌త్‌వైట్ అండ్ గార్డినర్ వర్క్‌షాపులో వాటిని మళ్లీ నిలబెట్టారు. రెండో కారును 2012లో ఆడి కొనుక్కుంది. తాను పుట్టించి పోగొట్టుకున్నదాన్ని ఆ కంపెనీ డబ్బిచ్చి తిరిగి తెచ్చుకుంది.

ఇక్కడ నా మనసుకు బ్రౌన్ దొర గుర్తొస్తాడు. వేమన పద్యాల కోసం ఊరూరి తాళపత్రాలు తెప్పించి, ఒక ప్రతిలో ఉన్నది ఇంకో ప్రతిలో లేకపోతే ఆగి, పోల్చి, పాఠం తేల్చిన పని ఆయనది. ఒకే నంబరు మీద రెండు కార్లు వచ్చి నిలబడితే చేయాల్సింది కూడా అంతే. పాత ప్రతి ఏది, ఎక్కడ చేయి పడింది, మధ్యలో ఏ పత్రం పోయింది?

తొందరపడితే ఏమవుతుందో 2007లో తెలిసింది. పారిస్‌లో ఒక ఆటో యూనియన్ టైప్ డి, అంటే పన్నెండు సిలిండర్ల కారు, వేలానికి సిద్ధమైంది. ప్రపంచంలోకెల్లా ఖరీదైన కారు అవుతుందని పత్రికలు ముందే రాసేశాయి. అది ఏ పందెంలో పరిగెత్తిన కారన్నదాని మీద అనుమానాలు లేచాయి, వేలం సంస్థ అమ్మకం ఆపేసింది. కారు దొంగదేమీ కాదు, లోహం నిజమైనదే. దానికి అంటగట్టిన పందెపు చరిత్ర దానిదేనా అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న అడిగినవాళ్లకు నేను మనసులో దండం పెట్టుకున్నాను. అడగకపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు.

డబ్బు ఈ పనిని బలపరిచింది, పాడుచేసింది కూడా. 36 మాత్రమే తయారైన ఫెరారీ 250 జీటీవోల్లో ఒకటి 2018లో కాలిఫోర్నియా వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు పోయింది. ఇంత ధర ఉన్నప్పుడు ఒక్క నంబరు ప్లేటు చుట్టూ, ఒక్క పాత గేర్‌బాక్సు తొడుగు చుట్టూ కూడా మొత్తం కారు మొలిచే ప్రమాదం ఉంది. అందుకే పాత రంగు ఊడినా, సీటు తోలు చిరిగినా, దొరికింది దొరికినట్టు ఉంచిన కారంటేనే నాకు ఇష్టం. అద్దంలా మెరిసే కారు దగ్గర నాకు మొదట వచ్చే ఆలోచన, ఈ మెరుగు కింద ఏ గుర్తులు అరిగిపోయాయో అని. తప్పనిసరై మార్చితే, విప్పిన భాగాన్ని పారేయకుండా పేరు రాసి దాచాలి. మంచి వర్క్‌షాపులు ఈ మాట పాటిస్తాయి.

బెంట్లీ కంపెనీ తన 1929 నాటి బ్లోయర్ పందెం కారును ముక్కముక్కగా విప్పి, లేజర్‌తో కొలిచి, సరిగ్గా అలాంటివే 12 కొత్త కార్లు చేయడానికి పూనుకుంది. నకలని దాచకుండా చెప్పి మరీ చేసింది, అందులో తప్పు లేదు. కానీ కొలతలు అవే, రివెట్లు అవే, తోలు కూడా అలాంటిదే. ఎనభై ఏళ్ల తర్వాత వాటి అంచులు అరిగి, రంగు వెలిసి, రెండు చేతులు మారితే పెట్రోలు మూతా గాలి చీలికలూ చూసి తేడా చెప్పడం కుదరదు. ఆ పన్నెండింటి నంబర్లు, పంచ్ అంకెల ఆకారం, మొదటి యజమాని చేతికి వెళ్లిన రోజు ఇప్పుడే ఎవరో ఒకరు నోటుపుస్తకంలో ఎక్కించాలి.