కొనని రికార్డు: హిప్‌హాప్ సేకరణదృష్టి – చిత్తూరు పడమటి ప్రాంతపు ప్రదర్శనకళలు

సేకరణలను గురించిన విమర్శ సాధారణంగా సేకర్త ఇంట ఉన్నవాటినే లెక్కిస్తుంది. అంగడిలో చేతికి తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి అరలో పెట్టి వచ్చినవి ఆ లెక్కలోకి రావు. నిజానికి సేకర్త అభిరుచికి ఉన్నవాటితో పాటు విడిచినవి కూడా సాక్ష్యమే. హిప్‌హాప్ అభిమాని ఒక వినైల్ రికార్డును కొనకుండా విడిచిపెట్టడం విమర్శనాత్మక చర్యే అని ప్రతిపాదించి, ఆ దృష్టితో మదనపల్లె, పుంగనూరు, కుప్పం పరిసరాల ప్రదర్శనకళల ధ్వనిముద్రణ సమస్యను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

సేకర్త విడిచిపెట్టడాన్ని గురించి ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి వాల్టర్ బెన్యమిన్ 1931లో తన గ్రంథాలయాన్ని గురించి రాసిన వ్యాసంలో ఉంది. ఒక వేలంలో ఆయన పాడిన ప్రతి పాటకూ మరొకరు పై పాట పాడుతుంటారు. తనకు నిజంగా కావలసిన పుస్తకం వంతు వచ్చినప్పుడు ఆయన నోరు మెదపలేదు. ఎవరూ పాడకపోవడంతో ఆ పుస్తకం పక్కకు వెళ్లింది. కొన్నాళ్లకు పాత పుస్తకాల విభాగంలో ఆయనకే దక్కింది. ఇక్కడ మౌనం ఒక ఎత్తుగడ మాత్రమే. బెన్యమిన్ కాదన్నది ధరను, పుస్తకాన్ని కాదు. హిప్‌హాప్ అభిమాని నిరాకరణ ఇందుకు భిన్నమైనది. ధర అందుబాటులో ఉన్నా అతడు రికార్డునే కాదంటాడు.

ఈ భేదానికి మూలం హిప్‌హాప్ పుట్టుకలోనే ఉంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరం బ్రాంక్స్ ప్రాంతంలో జరిగిన ఒక విందులో జమైకా నుండి వలస వచ్చిన డీజే కూల్ హెర్క్ రికార్డులు వినిపించాడు. హిప్‌హాప్ చరిత్రకారులు సాధారణంగా ఆనాటినే ఆరంభంగా చెబుతారు. పాటలో గాత్రం ఆగి వాద్యాల లయ మాత్రమే మిగిలే కొద్ది క్షణాలను 'బ్రేక్' అంటారు. ఒకే రికార్డు ప్రతులను రెండింటిని రెండు యంత్రాలపై ఉంచి, ఆ క్షణాలను మళ్లీ మళ్లీ సాగదీయడం హెర్క్ పద్ధతి. దీనితో రికార్డు విలువను నిర్ణయించే ప్రమాణం మారింది. దుర్లభమైన తొలి ముద్రణ అయినా పనికివచ్చే లయ లేకుంటే అరలోనే ఉంటుంది. గీతలు పడిన చవక రికార్డులో నాలుగు ఆవృత్తాల తాళం దొరికితే అది ఇంటికి వస్తుంది. అట్ట కోసమో అరుదుదనం కోసమో కొనే అభిమానులు లేకపోలేదు. అయినా ఈ సంప్రదాయానికి ప్రత్యేకతనిచ్చినది మాత్రం వినియోగదృష్టి. క్షేమేంద్రుని ఔచిత్య భావన దీనికి దగ్గరగా ఉంటుంది: వస్తువు గొప్పదా కాదా అన్నది కాక, చేరబోయే చోట అది తగినదా కాదా అన్నదే ప్రశ్న.

అయితే ఈ దృష్టిలో ఒక లోపం ఉంది. తాను వాడే రికార్డులను పోటీదారులు గుర్తుపట్టకుండా హెర్క్ వాటి లేబుళ్లను నీటిలో నానబెట్టి తొలగించేవాడు. ధ్వని మిగిలింది; పేరు పోయింది. భారతీయ రికార్డుల చరిత్ర ఇందుకు వ్యతిరేక దిశలో మొదలైంది. 1902లో కలకత్తాలో ధ్వనిముద్రణ జరిగినప్పుడు గౌహర్ జాన్ పాట చివర తన పేరును తానే పలికింది. దూరదేశంలో రికార్డు అచ్చు వేసేవారు గాయని పేరు తెలుసుకోవడానికి అది ఆధారం. ఒక శతాబ్దం తరువాత ఈ రెండు ధోరణులూ న్యాయస్థానంలో ఎదురుపడ్డాయి. 1981 నాటి హిందీ చిత్రం 'జ్యోతి'లో బప్పీ లహరి స్వరపరచగా లతా మంగేష్కర్ పాడిన పాటను 2002లో అమెరికన్ గాయని ట్రూత్ హర్ట్స్ 'అడిక్టివ్' అనే పాటలో వాడారు. లహరి పేరు చేర్చేదాకా ఆ ఆల్బం అమ్మకాలు ఆపాలని 2003లో అమెరికా న్యాయస్థానం ఆదేశించింది. లహరి పేరును నిరూపించడానికి ముద్రిత ఆధారం ఉంది. ముద్రణే లేని కళాకారునికి అటువంటి ఆధారం ఏది?

ఈ ప్రశ్న చిత్తూరు పడమటి ప్రాంతానికి నేరుగా వర్తిస్తుంది. తెలుగు, తమిళ, కన్నడాలు కలిసే ఈ సరిహద్దులో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల వద్ద మహాభారత ఉత్సవాలు సాగుతాయి. పగలు హరికథ, రాత్రి వీథినాటకం, నడుమ అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివర దుర్యోధన వధ, అగ్నిగుండం – పద్ధతి ప్రకారం పద్దెనిమిది దినాల కథనం. 78 వేగపు గ్రామఫోన్ రికార్డు ఒక వైపున పట్టేది సుమారు మూడు నిమిషాలు. పౌరాణిక నాటకాల పద్యాలు ఆ పరిమితికి ఒదిగాయి కనుక రికార్డులకెక్కాయి. పద్దెనిమిది దినాల కథ ఒదగలేదు. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరలోనూ, కుప్పం తిరుపతి గంగమ్మ జాతరలోనూ మోగే పలకల దరువు అచ్చంగా హిప్‌హాప్ అభిమాని వెదికే గాత్రరహిత లయ. కానీ దాని స్థానం అంగడి అర కాదు, ఊరి వీథి. మదనపల్లె సంగీతచరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టం సైతం రికార్డుకు సంబంధించినది కాదు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి థియోసాఫికల్ కళాశాలలో ఉండగా 'జనగణమన'ను ఆంగ్లంలోకి అనువదించారు. మార్గరెట్ కజిన్స్ దాని బాణీని స్వరలిపిలో నమోదు చేశారు. అక్కడ బాణీని నిలిపినది కాగితం.

ముద్రితం కానిదే స్వచ్ఛమైనది అనే భావుకతకు దీని నుండి చేరుకోకూడదు. 'దళపతి' (1991) చిత్రానికి ఇళయరాజా కూర్చిన సంగీతం 2007లో లండన్ కళాకారిణి ఎం.ఐ.ఎ. పాట 'బాంబూ బంగా'లో మళ్లీ ప్రాణం పోసుకుంది. రికార్డు ఉన్నందువల్లనే అది సాధ్యమైంది. తెలుగులో వి.ఎ.కె. రంగారావు కృషి కూడా ఇదే చెబుతుంది. వేలాది గ్రామఫోన్ రికార్డులను సేకరించిన ఆయన సంగీత, నృత్య విమర్శకుడు కూడా. ఆయన సేకరణ ఆ విమర్శకు ఆధారమైంది.

కనుక ఇక్కడ రెండు రకాల నిరాకరణలను వేరుచేయాలి. మొదటిది విని కాదనడం. సూదిని గాడిపై ఆనించి, విని, తగదని తేల్చుకున్నవాడు చేసినది విమర్శ. రెండవది వినకుండానే దాటిపోవడం. పడమటి ప్రాంతపు భాగవతులకు, పలకల కళాకారులకు ధ్వనిముద్రణ చరిత్రలో దక్కినది ప్రధానంగా ఈ రెండవదే. వారి కళను తూచి తక్కువ అని ఎవరూ తేల్చలేదు. మూడు నిమిషాల కొలపాత్రలో పట్టనందున దాటిపోయారు. మిగిలిన రికార్డులనే సమగ్రమైన ఆధారంగా గ్రహించే పరిశోధన ఆ దాటవేతను తెలియకుండానే కొనసాగిస్తుంది.

నేడు ఆ పరిమితి లేదు. రాత్రంతా సాగే ప్రదర్శనను ఆసాంతం నమోదు చేసే సాధనాలు సులభంగా దొరుకుతున్నాయి. 1997లో కుప్పంలో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం మూడు భాషల నడుమ నిలిచి ఉన్నందున ఈ పనికి తగిన స్థానం. అయితే నమోదు ప్రతిలో కళాకారుని పేరు, ఊరు, బృందం, గురుపరంపర, ప్రదర్శన జరిగిన గుడి, పునర్వినియోగానికి షరతులు తప్పక ఉండాలి. లేకుంటే విశ్వవిద్యాలయం కూడా లేబుల్‌ను నీటిలో నానబెట్టినట్లే అవుతుంది. ఫలానా ఘట్టాన్ని నమోదు చేయవద్దని కళాకారుడు అంటే ఆ మాటకూ విలువ ఉండాలి. కొనేవానికి కాదనే హక్కు ఉన్నట్లే, ఇచ్చేవానికీ ఆ హక్కు ఉంటుంది. ఆ రెండు హక్కులనూ గుర్తించినప్పుడే సేకరణ శాస్త్రీయమవుతుంది.