కనపడలేదు

బోరబండలో చిన్న ల్యాబు మాది. ఇరవై ఏళ్లుగా రక్తం స్లైడ్లు చూస్తున్నాను. వానలు పడ్డాయంటే బెంచీ మీద చోటుండదు. నిన్న ఒకామె రిపోర్టు పట్టుకుని అడిగింది: "పిలగానికి మలేరియా లేనట్టేనా సార్?"

"ఈ చుక్కల కనపడలేదమ్మా. మళ్ల చలిజరమొస్తే రేపు తీస్కరా."

ఆమెకు కావలసింది 'లేదు' అనే మాట. కొత్తలో నేనూ ఆ మాటే రాసిచ్చేవాణ్ని. ఓసారి రద్దీలో ముప్పై ఫీల్డులు తిప్పి 'మలేరియా లేదు' అని రాశాను. మర్నాడు ఆ పిల్లాణ్ని తండ్రి భుజాన వేసుకొచ్చాడు. రెండో స్లైడు నిండా ఉంగరాల్లాంటి మలేరియా క్రిములే. మందు ఒకరోజు ఆలస్యమైంది. ఆ రోజు నన్నింకా వదల్లేదు.

ఫీల్డు అంటే లెన్సు కింద ఒకసారికి కనపడే గుండ్రటి జాగా. మందపాటి పూతలో కనీసం 100 చూడందే తేల్చకూడదు. అన్నీ చూసినా అది ఒక్క చుక్క సంగతే. అందుకే 12 నుంచి 24 గంటల ఎడంతో మూడుసార్లు చూడమంటారు. డెంగీకీ సమయమే ముఖ్యం: దాని పరీక్షల్లో ఎన్ఎస్1 మొదటి ఐదు రోజుల్లో పట్టిస్తుంది, ఐజీఎం ఆ తర్వాత. జ్వరం ఎన్నో రోజో తెలియకపోతే రిపోర్టుకు అర్థమే లేదు.

ఇక్కడ ఎంఎంటీఎస్ రైలు ఎక్కితే కాసేపట్లో బేగంపేట. మలేరియా మీద పరిశోధన చేసిన రోనాల్డ్ రాస్ పనిచేసిన భవనం అక్కడే. 1897 ఆగస్టు 20న ఆయన దోమ కడుపు గోడలో నల్లటి రేణువులున్న కణాలు చూశాడు. మర్నాడు ఇంకో దోమలో అవే, కాస్త పెరిగి. ఆ దోమ జాతి తెలియక మచ్చల రెక్కల దోమ అన్నాడు. డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో అచ్చయిన వ్యాసం శీర్షికలో ఆ కణాలు 'వింతవి' అనీ, దోమలు రెండేననీ ఉంటుంది. రోగం అంటుకునే దారి తేల్చింది 1898లో, కలకత్తాలో, పక్షుల మలేరియా మీద. 1902లో నోబెల్ వచ్చింది. నాకు మాత్రం ఆ శీర్షికలోని 'రెండు' అంటేనే ఎక్కువ గౌరవం.

ఇప్పుడు రిపోర్టులో ఎన్ని ఫీల్డులు చూశానో, జ్వరం ఎన్నో రోజో కూడా రాస్తున్నాను. మొదటిసారి దొరకలేదంటే డాక్టరు మళ్లీ చూడమంటారు. మూడోసారీ దొరకలేదంటే ఇంకో జబ్బు వెతుకుతారు.

ఈ పొద్దున ఆమె మళ్లీ వచ్చింది. పిల్లాడు దుప్పటిలో వణుకుతున్నాడు. వేలు తుడిచి ఇంకో చుక్క తీశాను.