అడుగు పొర పంపిన కబురు

బొగ్గు బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె పోనివ్వరు. మీథేన్ ఉన్నచోట ఒక్క నిప్పురవ్వ చాలు. దాంతో షిఫ్టులో పొగ తాగలేని చేయి తంబాకు వైపో, అంబర్ లాంటి నమిలే పొగాకు పొట్లం వైపో పోతుంది. గోదావరిఖనిలో ఇది కొత్త సంగతి కాదు. దవడకూ చెంపకూ మధ్య గంటల తరబడి నానే ఆ ముద్ద లోపల ఏం చేస్తోందో, కోత లేకుండా, సూది గుచ్చకుండా పసిగట్టే పరీక్ష ఒకటుంది. పేరు మైక్రోన్యూక్లియస్ పరీక్ష. దాని పనితనం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

1971లో వెలువడిన ఒక అధ్యయనం కోసం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెజనం అంగిళ్లు పరీక్షించారు. అడ్డపొగ, అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం, అంగిట్లో చేసే చేటు అందులో బయటపడింది. అది కంటికి కనిపించే మచ్చల లెక్క. మైక్రోన్యూక్లియస్ పరీక్ష మచ్చ కంటే ముందే మొదలవుతుంది.

నోరు పుక్కిలించాక మెత్తటి బ్రష్షుతో బుగ్గ లోపల రుద్దుతారు. అంటిన కణాలను గాజుపలకపై పరచి, ఆరిపోకముందే ఆల్కహాలులో ముంచుతారు. బోర్‌హోల్ వేసి, పైకి తీసిన కోర్‌ను చూసి సీమ్ సంగతి చెప్పే సింగరేణి మనుషులకు దీని కిటుకు ఇట్టే అందుతుంది. ఇక్కడైతే డ్రిల్లు కూడా అక్కర్లేదు. అడుగు పొరలో పుట్టిన కణం ఒకటి నుంచి మూడు వారాల్లో తనంతట తానే పైకి వస్తుంది. కింద కణం చీలేటప్పుడు క్రోమోజోమ్ విరిగిందా, ఆ ముక్క అసలు కేంద్రకంలో చేరలేక పక్కనే బుల్లి కేంద్రకంగా, అంటే మైక్రోన్యూక్లియస్‌గా, ఉండిపోతుంది. ఆ గుర్తుతోనే కణం పైకొస్తుంది.

రంగు వేయడంలో నేర్పు ఇంకా గొప్పది. 1924లో శాస్త్రవేత్త ఫాయిల్గన్ చూపిన పద్ధతి ఇది. వెచ్చని ఆమ్లంలో ఉంచి తీశాక, రంగులేని షిఫ్ ద్రావణం డీఎన్‌ఏ తగిలినచోట మాత్రమే ముదురు గులాబీగా మారుతుంది. మామూలు రంగులైతే కెరాటిన్ రేణువులకూ పట్టి కంటిని మోసం చేస్తాయి. ఆపైన లెక్కింపు. బుల్లి కేంద్రకం పెద్దదాని వ్యాసంలో మూడోవంతు మించకూడదు, దానితో ఒకే తలంలో ఉండాలి, రంగూ అదే కావాలి. ఆరోగ్యవంతుల్లో వెయ్యి కణాలకు ఒకటో రెండో దొరుకుతాయి గనుక వేల కణాలు ఓపికగా చూడాలి. 1980ల మొదట్లో హాన్స్ స్టిచ్ బృందం పొగాకు నమిలేవారి బుగ్గల్లో ఇవి పెరగడాన్ని ఇలాగే లెక్కగట్టింది.

ఇది క్యాన్సర్ ఉందని తేల్చే పరీక్ష కాదు, ముప్పు పెరుగుతోందని చెప్పేది. తీర్పు బయాప్సీదే. గని కార్మికులకు కనీసం ఐదేళ్లకోసారి వైద్య పరీక్ష ఎలాగూ ఉంది. తంబాకు నమిలేవారికి ఆ రోజే ఈ బ్రష్షు కూడా తగిలిస్తే బాగుంటుంది. నోట్లో రెండు వారాలకూ మానని పుండు, తెల్ల మచ్చో ఎర్ర మచ్చో ఉన్నవారు మాత్రం దేనికోసమూ ఆగకండి. వెంటనే డాక్టరుకు చూపించుకోండి.