రాజీపత్రంలో కర్త ఎవరు?

మన విమర్శకులు పద్యాన్ని పరీక్షించారు, కథను పరీక్షించారు, నవలలో వర్గస్వభావాన్ని తవ్వితీశారు. కాని కార్మికుని యింట ట్రంకుపెట్టెలో, రేషను కార్డు ప్రక్కన మడిచిపెట్టిన రచన ఒకటున్నది. దానిని సాహిత్యదృష్టితో చదివినవారు అరుదు. పనిలో అవయవం పోగొట్టుకొన్నవాడు ప్లీడరు లేకుండా, కోర్టు మెట్లెక్కకుండా యజమానితో చేసుకొన్న రాజీపత్రం అది. సాధారణంగా దానిని వ్రాసేది యజమాని గుమాస్తా. డిగ్రీ విద్యార్థులు తమ తండ్రులవీ, అన్నలవీ తెచ్చి చూపగా అటువంటివి కొన్ని చదివాను. తనదైన శైలి గల ఒక ప్రక్రియగానే దీనిని పరిగణించాలని నా అభిప్రాయం.

ప్రమాదాన్ని చెప్పే వాక్యం చూడండి. ‘నా అజాగ్రత్తవలన నా చేయి యంత్రములో పడినది’ అన్న ధోరణిలో వుంటుంది. చేయి తనంత తానే నడిచివెళ్ళి పడినట్లు! యంత్రాన్ని ఆపకుండా తుడవమన్నదెవరు, దాని చుట్టూ వుండవలసిన కంచె యేమయింది అన్న ప్రశ్నలకు ఆ వాక్యంలో చోటు లేదు. కర్తను మరుగుపరచి వాక్యం నడపడం తెలుగులో చాల తేలిక. ఈ సౌలభ్యాన్ని మన పండితులకన్న గుమాస్తా బాగా గ్రహించాడు. డబ్బు మాట వచ్చేసరికి మాత్రం కర్త ప్రత్యక్షమౌతాడు. యజమానిగారు ‘మానవతాదృక్పథంతో’ ఇంత మొత్తం ‘దయచేసినారు’. కొన్ని పత్రాలలో యజమాని పేరు కూడ వుండదు, మేస్త్రీ పేరే వుంటుంది. కాంట్రాక్టరు క్రింద పనిచేసినా అసలు యజమాని బాధ్యుడేనన్న సంగతి అక్కడితో మాసిపోతుంది.

అసలు ఆ ‘అజాగ్రత్త’ అన్న మాటకు చట్టంలో పనిలేదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం వలసప్రభుత్వం చేసినదే అయినా, యజమాని తప్పును రుజువు చేయమని కార్మికుణ్ణి అడగలేదు. పని మూలంగా, పనిలో వుండగా దెబ్బ తగిలితే చాలును. త్రాగివుండడం, నియమాన్ని బుద్ధిపూర్వకంగా ధిక్కరించడం, రక్షణసాధనాన్ని కావాలని తీసివేయడం మాత్రమే మినహాయింపులు. మరణం సంభవించినప్పుడు, శాశ్వతమైన పూర్తి వికలత్వం కలిగినప్పుడు అవి కూడ అడ్డురావు. మరి ఆ మాట యెందుకు వ్రాయిస్తారు? తప్పు తనదేనని సంతకం చేసినవాడు లెక్క అడగడు.

లెక్క మాటకు వద్దాం. ప్రబంధకవులు నఖశిఖపర్యంతం అంగాంగవర్ణన చేశారు. ఆ చట్టపు అనుబంధపట్టికా ఆ పనే చేసింది: బొటనవ్రేలికి నూటికి 30, చూపుడువ్రేలికి 14, నడిమివ్రేలికి 12, ఉంగరపువ్రేలికి 7. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఐనా యజమాని దయకంటె కార్మికునికి ఈ అంకెలే అక్కరకు వస్తాయి. ముప్పయ్యేళ్ళవాడు, నెలకూలి 15,000 (2020లో పెంచిన పరిమితి అదే), బొటనవ్రేలు పోయిందనుకొందాం. కూలిలో నూటికి 60 అంటే 9,000. దానిని ఆ వయస్సుకు నిర్ణయించిన 207.98తో హెచ్చవేస్తే 18,71,820. అందులో నూటికి 30 అంటే 5,61,546 రూపాయలు. ఈ హెచ్చవేత యెనిమిదవ తరగతి పిల్లవాడు చేయగలడు. నేను చూచిన ఒక పత్రంలో ఎడమ బొటనవ్రేలికి నలభైవేలతో రాజీ ముగిసింది. నిశానీకి కుడి బొటనవ్రేలు వేయించుకొన్నారు.

రాజీపడడమే తప్పని అనే మిత్రులున్నారు. వారితో నేను ఏకీభవించను. పొయ్యిలో పిల్లి లేవనివానికి యేళ్ళతరబడి వ్యాజ్యం నడపమని ఉపదేశించడం మనబోటి నెలజీతగాళ్ళకు సులభం. రాజీ నాలుగు గోడల మధ్యనే ముగిసిపోవడం దగ్గరనే నా అభ్యంతరం. ఒప్పందాన్ని కమిషనరుకు పంపి రిజిస్టరు చేయించమన్నది చట్టం. మొత్తం చాలదనిపిస్తే, మోసంగాని ఒత్తిడిగాని కనిపిస్తే ఆయన నిరాకరించవచ్చును. రిజిస్టరు చేయించని యజమాని పూర్తి మొత్తానికి బాధ్యుడే. కమిషనరు వేరుగా చెబితే తప్ప, అంతకుముందు ఇచ్చినదానిలో సగానికి మించి మినహాయించుకోరాదు. హక్కు వదులుకొన్నానని వ్రాసియిచ్చినా ఆ వాక్యం చెల్లదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ పాత చట్టాన్ని తొలగించినా, ఒప్పందం రిజిస్ట్రేషనునూ, దరఖాస్తుకు రెండేళ్ళ గడువునూ నిలిపింది. ఇ.ఎస్.ఐ. వర్తించేవారి దారి వేరు.

పాత చట్టంలో నన్ను అన్నిటికన్న ఆకర్షించిన నియమం మరొకటి. చదువురాని దరఖాస్తుదారు కోరితే, అతని దరఖాస్తును కమిషనరు ఆధ్వర్యంలోనే వ్రాయించాలి. రిజిస్టరయిన యూనియను ప్రతినిధి అతని పక్షాన హాజరుకావచ్చును కూడ. ప్లీడరు లేనివాడు ఒంటరివాడు కానక్కరలేదని అర్థం. ఎందరు కార్మికుల చెవిని వేశాం ఈ మాట?

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లోనూ ప్లీడరు లేడు. అప్పల్రాముడి అప్పు వ్యవహారాన్ని ఊరిపెద్దలే తేలుస్తారు. తీర్పు చెప్పే పెద్దమనిషి దుర్మార్గుడు కాకపోవడమే ఆ కథలో భయం గొలిపే విషయం. రాజీపత్రాలలోని ‘దయ’ను ఆ కథ చదివిన తరువాతనే నేను సరిగా పోల్చుకోగలిగాను. ఇంకొక మాట. రాజీనామా అనే పారశీకపదానికి అసలు అర్థం రాజీపత్రమే. తెలుగులో అది ఉద్యోగం వదులుకొనే కాగితమైంది. ఈ రెండు కాగితాలూ ఒకేరోజు వ్రాయించుకొన్న ఉదంతాలు నేను చూచినవాటిలోనే వున్నాయి.

వ్యాకరణపు గంటలో వాక్యపరీక్షకు ఇప్పుడు ఈ పత్రాలనే తీసుకొంటున్నాను. విద్యార్థులు ఒక వాక్యాన్ని ఇలా తిరగవ్రాశారు: ‘ఫలానా తేదీన, ఫలానా యజమాని పనిలో వుండగా, కంచెలేని యంత్రం నా ఎడమ బొటనవ్రేలిని తెంచింది. నా నెలకూలి ఇంత. లెక్కప్రకారం నాకు రావలసినది ఇంత.’ ఇది వ్యాకరణం కాదు, రాజకీయమని ఒక సహోద్యోగి అన్నాడు. నేను వాదించలేదు. సంతకానికి ముందు రెండు రోజులు గడువడిగి, ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి చదువుకొన్న పిల్లలచేత పైకి చదివించుకొనేటట్లు వారి వారి వాడలలో చెప్పమని మాత్రం విద్యార్థులతో అన్నాను.