తెర వెనక కూర్చోబెట్టే చదువు

తోలుబొమ్మ ఒంటి మీది నగలు రంగుతో వేసినవి కావు, తొలిచినవి. సీత మెడలో హారం, రావణుడి భుజకీర్తులు, కిరీటాల అంచులు అన్నీ చిల్లులే. మేక తోలు మీద సన్నటి ఉలి నిలబెట్టి పైన ఒక్క దెబ్బ వేస్తే ఒక చిల్లు. దెబ్బ గట్టిగా పడితే పక్క చిల్లుతో కలిసి తోలు చిరుగుతుంది. మెత్తగా పడితే పూర్తిగా తెగదు, వెలుగు రాదు. చిల్లుకూ చిల్లుకూ మధ్య ఎంత తోలు మిగల్చాలో కొలబద్ద పెట్టి చెప్పేవాళ్లుండరు. పగటిపూట చేతిలోకి తీసుకుంటే బొమ్మ గరుగ్గా, ఎక్కడికక్కడ పొడిచినట్టు కనిపిస్తుంది. రాత్రి తెల్లబట్ట తెరకు ఆనించి వెనక దీపం పెట్టాక గానీ ఆ పనితనం బయటపడదు.

ఉలి దెబ్బకు ముందు ఇంకా పెద్ద పని ఉంది. పచ్చి తోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, బిగలాగి ఆరబెడితే వెలుగు చొరబడేంత పల్చనవుతుంది. పూర్వం జింక, గేదె తోళ్లూ వాడేవారు, ఇప్పుడు ఎక్కువగా మేక తోలే. దాని మీద గీసి, కోసి, తొలిచి, రెండువైపులా రంగులు వేస్తారు. బొమ్మ ఎటు తిరిగినా అదే మనిషిగా కనబడాలి కదా. నిలువునా చీల్చిన బద్ద మధ్య ఒంటిని బిగిస్తారు. భుజానికీ మోచేతికీ దారం ముడితో కీళ్లు, చేతులకు వేరే పుల్లలు. ఆంధ్ర తోలుబొమ్మలు దేశంలోకెల్లా పెద్దవి, కొన్ని మనిషంత ఉంటాయి. అంతటి బొమ్మను తెరకు అదిమి పట్టుకుని, పాట పాడుతూ, యుద్ధం వచ్చినప్పుడు కాలి కింద చెక్క పలకను దబదబ తొక్కుతాడు ఆటగాడు. పాటలకు మూలం చాలావరకు రంగనాథ రామాయణం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఈ పనికి పేరుపడ్డ ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి కుటుంబాలు ఇప్పుడు ఆటల కంటే దీపపు తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేసి బతుకుతున్నాయి.

ప్రాథమిక పాఠశాల గురించి రాయబోయి ఇంత సేపు ఉలి దగ్గర ఆగడానికి కారణం ఉంది. బడిలో ప్రదర్శన అనగానే మనకు గుర్తొచ్చేది వేరు. పిల్లల్ని వరండాలో వరసగా కూర్చోబెడతారు. కళాకారులు ఆడతారు. పిల్లలు చప్పట్లు కొడతారు, హెడ్‌మాస్టారు శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు, మర్నాడు మళ్లీ ఎక్కాల పుస్తకం. పిల్లలు ఓ గంట నవ్వారు గదా, అదే చాలనుకుంటే చాలు. నా దృష్టిలో మాత్రం పిల్లల్ని తెర ముందు కూర్చోబెట్టినంత కాలం ఆ కళలోని చదువులో ముప్పాతిక వంతు వాళ్లకు అందదు. అదంతా తెర వెనక ఉంది.

ఈ సంగతి ముందే పట్టుకున్నవాళ్లు ఉన్నారు. 1965లో ఇంగ్లండులోని కోవెంట్రీలో బెల్‌గ్రేడ్ థియేటర్ వాళ్లు నటులనే ఉపాధ్యాయులుగా చేసి బడులకు పంపారు. వాళ్లు బడి మొత్తానికి ఒకేసారి ఆడేవారు కాదు. ఒకటి రెండు తరగతుల పిల్లలతో కూర్చుని, కథను మధ్యలో ఆపి, ఇప్పుడేం చేద్దామని పిల్లలనే అడిగేవారు. మన జాతీయ నాటక విద్యాలయం 1989లో పిల్లల కోసం విడిగా ఒక బృందం పెట్టుకుంది. నాకు అన్నిటికన్నా నచ్చేది 1979లో ఢిల్లీలో ఏర్పడిన సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం (సీసీఆర్‌టీ) పద్ధతి. దీనికి హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. చదువులో బొమ్మలాటకున్న చోటు మీద బడి టీచర్లకు శిక్షణ ఇస్తారు. అక్కడికి వెళ్లిన టీచరు ఉపన్యాసం విని, నోట్సు రాసుకుని వచ్చేస్తే కుదరదు. చేతికి తొడిగే బొమ్మో, పుల్లబొమ్మో, నీడబొమ్మో తనే చెయ్యాలి, తన పాఠానికి తనే సంభాషణలు రాసుకోవాలి, తోటి టీచర్ల ముందు తనే ఆడాలి. పాతికేళ్ల సర్వీసున్న మాస్టారు కూడా కత్తెర పట్టుకుని మూడో తరగతి పిల్లాడిలా తంటాలు పడాల్సిందే. ఆ తంటా పడినాయన బొమ్మ చింపిన పిల్లాణ్ని కసరడు.

మన రాష్ట్రంలో ఇంకో ఆనవాలు ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన ఏకోపాధ్యాయ బడులు. పద్మనాభరావు, రమ దంపతులు ఆ బడుల కోసం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఊరి కథలు, పాటలు, బొమ్మలాటలు అందులో కలిపారు. అక్కడి మెట్రిక్ మేళా గురించి విన్నవాళ్లు మర్చిపోరు. పిల్లలు అంగళ్లు పెట్టి, తూచి, కొలిచి, చిల్లర లెక్కపెట్టి ఇస్తారు. కొనేవాళ్లు వాళ్ల అమ్మలే. ఇది కూడా ప్రదర్శనే, కాకపోతే తప్పు తూస్తే అక్కడికక్కడ నిలదీసే ప్రేక్షకుల ముందు.

ఆ రోజుల్లోనే, బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు 1989 నుంచి రాష్ట్రమంతా విస్తరించింది. చేసి నేర్చుకోవడం, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని తరగతి గోడలకు పెట్టడం దాని సూత్రాల్లో ఉన్నాయి. ఆ తరం టీచర్లను కదిలిస్తే ఇప్పటికీ ఉత్సాహంగా చెబుతారు. తర్వాత్తర్వాత గోడల మీద పిల్లల పని పోయి కొన్న చార్టులు వచ్చాయి. 2023లో కేంద్రం తెచ్చిన జాదూయి పిటారా అనే ఆటవస్తువుల పెట్టెలోనూ బొమ్మలున్నాయి. మంచిదే. అయితే చేసిపెట్టిన బొమ్మ చేతికొస్తే ఆడించడమే మిగులుతుంది. దాని కీలు ఎక్కడుందో పిల్లలు వెతకరు.

ఇదంతా ఒక ఊళ్లో ఎలా కుదురుతుందో చూడటానికి ఇక మార్టూరుకు వద్దాం. జాతీయ రహదారి మీది ఊరు, 2022లో ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి మారింది. ఒకవైపు గ్రానైటు పలకలు కోసి పాలిష్ పట్టే యూనిట్లు, మరోవైపు నల్లరేగడి, పత్తి, మిరప. ఇలాంటి ఊళ్లో మూడో తరగతి పిల్లల చేత నీడబొమ్మ చేయించడానికి ఏం కావాలి? తోలు అక్కర్లేదు. పాత పెళ్లి శుభలేఖలు ప్రతి ఇంట్లో ఉంటాయి. కొబ్బరి ఈనెలు, సూదీ దారం, ఒక తెల్ల పంచె, టీచరు సెల్‌ఫోన్ టార్చి ఉంటే సరిపోతుంది. రంగు వెలుగు కావాలంటే మిఠాయిల మీది గాజుకాగితం. ఖర్చు లేదు గానీ ఓపిక బోలెడు కావాలి.

కథ ఏదని అడిగితే, పిల్లలు చూసేదే. అమ్మ పత్తి తీస్తోంది. మొదటిసారి అందరూ భుజానికే కీలు పెడతారు, ఎందుకంటే చెయ్యి ఊపడం సరదా. బొమ్మను తెర మీదికి తెచ్చాక తెలుస్తుంది అసలు చిక్కు. పత్తి తీసే మనిషి నిటారుగా నిలబడి చేతులాడించదు, నడుం వంచుతుంది. అంటే కీలు నడుము దగ్గర ఉండాలి. సరేనని నడుము దగ్గర రెండు ముక్కలు చేసి దారం ముడేస్తారు. బొమ్మ తెర మీదికి రాగానే పై సగం వెనక్కి వాలి పడిపోతుంది. ఇప్పుడు ఒకే ఈనె చాలదు. పై ముక్కకొకటి, కింది ముక్కకొకటి కావాలి. రెండు ఈనెలంటే రెండు చేతులూ వాటికే పోయాయి, మరి పత్తి తీసే చెయ్యి ఎవరు ఆడించాలి? పక్కన కూర్చున్న పిల్ల. ఇద్దరూ కలిసి ఒక మనిషిని నడిపించాలి. ఒకరు వంచేటప్పుడే రెండోవారు చెయ్యి చాపాలి.

ముడి సంగతి వేరే చెప్పాలి. గట్టిగా బిగిస్తే కీలు ఆడదు, వదులైతే చెయ్యి వేలాడుతుంది. కార్డుకు రెండువైపులా ముడి ఉండి, మధ్యలో ఒక కాగితం మందం సందు ఉంటే సరిగ్గా తిరుగుతుంది. ఈ ఒక్క ముడి కుదిరేసరికి ఒక పీరియడ్ గడిచిపోవచ్చు, గడవనివ్వండి. శరీరం ఎక్కడెక్కడ వంగుతుంది, మోచెయ్యి వెనక్కి ఎందుకు వంగదు అన్న పరిసరాల విజ్ఞానం పాఠమంతా ఆ ముడిలోనే ఉంది. పిల్లలు తమ మోచెయ్యి తామే వంచి చూసుకుంటారు.

తర్వాత దీపం. తెరకు ఒక మీటరు దూరంలో టార్చి పెట్టి, బొమ్మను సరిగ్గా మధ్యలో పట్టుకుంటే నీడ రెండింతలు. అదే బొమ్మను టార్చికి పావు మీటరు దగ్గరికి తెస్తే నాలుగింతలు. తెరకు ఆనిస్తే ఉన్నంతే. మూడో తరగతి పిల్లలకు నిష్పత్తి అని చెప్పనక్కర్లేదు. ఎలుకను ఏనుగంత చెయ్యాలంటే ఎటు జరగాలో రెండు నిమిషాల్లో పట్టేస్తారు. పట్టేశాక ఆపడం కష్టం, అది వేరే విషయం. అప్పుడు వాళ్లకు అసలు తోలుబొమ్మ తెచ్చి చూపించాలి. ఇంత పెద్ద నీడ ఊరికే వస్తుంటే మన ఆటగాళ్లు బొమ్మను తెరకు ఎందుకు అదిమి పట్టారు? వెనక్కి జరిపితే రంగులు పలచబడతాయి, అంచులు చెదురుతాయి, అంత కష్టపడి తొలిచిన చిల్లులు కలిసిపోతాయి. అందుకే నీడను పెంచకుండా బొమ్మనే పెద్దది చేశారు. ఈ జవాబు పిల్లల నోటి నుంచి వస్తే, ఆ రోజుకు ఇంకేమీ చెప్పక్కర్లేదు.

బొమ్మలకు నీడా వెలుగూ కావాలి. అవేవీ లేకుండా నడిచేది బుర్రకథ, అది ఈ గడ్డ మీదిదే. జంగం కథగా ఉన్నదాన్ని జనం ముందుకు కొత్త ఊపుతో తెచ్చిన షేక్ నాజర్‌ది గుంటూరు జిల్లా పొన్నెకల్లు. 1920లో పుట్టారు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. బుర్రకథ నిర్మాణం గమనిస్తే అది తరగతి గది కోసమే కట్టినట్టుంటుంది. మధ్యలో కథకుడు, చేతుల్లో తంబురా, అందెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, వాళ్ల దగ్గర డక్కీలు. వంతల్లో ఒకరు కథను నేటి సంగతులకు ముడిపెడతారు, రెండోవారు హాస్యం. ఈ హాస్యగాడి పనితనం నాకు ఎప్పుడూ అబ్బురమే. అతనికి అన్నీ తెలుసు, తెలియనట్టు అడుగుతాడు. సభలో ఎవరికి అర్థం కాలేదో సరిగ్గా వాళ్ల ప్రశ్న అతని నోట వస్తుంది. అడగడానికి సిగ్గుపడ్డవాడు నవ్వుతూ జవాబు వినేస్తాడు.

దీన్ని ఎక్కాల పీరియడ్‌లోకి తెచ్చి చూడండి. కథకుడు గొంతెత్తి, పన్నెండు టిక్కీల (బస్తాల) మిరపకాయలు గుంటూరు యార్డుకు బయల్దేరాయి, ఒక్కో టిక్కీ నలభై కిలోలు అంటాడు. తందాన తాన. క్వింటా ఇంత ధర అన్నారు. హాస్యం అడ్డొస్తుంది: "క్వింటా అంటే ఏందన్నా?" వంద కిలోలురా తమ్ముడూ. "మరి మనవి ఎన్ని క్వింటాలు?" అక్కడ డక్కీ ఆగుతుంది, తరగతి లెక్క కడుతుంది. 480 కిలోలు, అంటే నాలుగు క్వింటాలూ ఇంకో 80 కిలోలు. రెండో వంత ఊరుకుంటాడా? తరుగు పేరుతో ఎంత కోశారో చెప్పమంటాడు. ఇక్కడ పిల్లలకు టీచరు కంటే ఎక్కువ తెలుసు, ఇంట్లో రోజూ వినే గొడవే అది. హాస్యం పాత్రను చదువులో వెనకబడ్డ పిల్లాడికి ఇవ్వాలని చాలామంది అనుకుంటారు. నేనైతే బాగా చదివే పిల్లకు ఇస్తాను. తెలిసింది తెలియనట్టు అడగడం కష్టమైన విద్య, పక్కవాడు ఎక్కడ తడబడతాడో ఆలోచిస్తే గానీ రాదు.

2020 జాతీయ విద్యా విధానం స్థానిక కళాకారులను బడుల్లోకి పిలవమంది. సంచులు లేని పది రోజులూ చెప్పింది, కాకపోతే అవి ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా. ముడి వెయ్యడం నేర్చుకునే వయసు ఎనిమిదేళ్లయితే మొదలుపెట్టేది పదకొండేళ్లకా? కళాకారుణ్ని పిలిచే తీరు కూడా మారాలి. పంద్రాగస్టుకు పిలిచి ఒక ఆట ఆడించి పంపేస్తే ఆయనకు దారి ఖర్చులు కూడా గిట్టవు. అదే మనిషిని వారం రోజులు ఒక్క తరగతికి గురువుగా పెట్టి, ఆ పనికి గురువు జీతమే ఇస్తే బడికి మిగిలేది వేరుగా ఉంటుంది.

మార్టూరు ప్రాంతంలో ఇదంతా ఇంకో కారణానికీ అవసరం. పత్తి తీతలు, ఆ తర్వాత మిరపకాయ కోతలు మొదలైతే ఇక్కడి పిల్లలు కొందరు బడి మానతారు. కర్నూలు వైపు నుంచి కోతలకొచ్చిన కుటుంబాల పిల్లలు కొందరు కొత్తగా వచ్చి చేరతారు. ఫిబ్రవరిలో చేరిన పిల్లకు పదో పాఠం మధ్యలో పుస్తకం తెరిచి ఇస్తే ఏం అర్థమవుతుంది? బొమ్మలాటలో మాత్రం ఆమెకు మొదటి రోజే పని ఉంటుంది. మాట్లాడటానికి బిడియపడితే చెక్క పలక దగ్గర కూర్చోబెట్టవచ్చు. ఎప్పుడు తొక్కాలో తెలియాలంటే ఆమె కథంతా వినాలి, ఎవరి తర్వాత ఎవరు వస్తారో గుర్తుపెట్టుకోవాలి, తెర మీది చేతిని చూస్తూ ఉండాలి. రెండో రోజుకల్లా ఆలస్యంగా వచ్చిన బొమ్మను ఆమే కసురుతుంది, వాళ్ల ఊరి యాసలో. మూడో రోజు ఆ యాస కథలోకి వచ్చేస్తుంది, ఎందుకంటే పత్తి తీసే అమ్మ పక్క ఊరి నుంచి కాక కర్నూలు నుంచి వచ్చిందని పిల్లలు కథ మార్చేసుకుంటారు.