ఆసులో కండె

పోయిన మంగళవారం ఒక సంతకం కోసం ఒక ఆఫీసు మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగాను. ఆ సారు లేడు, ఈ కాగితం చాలదు. అచ్చంపేట బస్టాండుకూ ఆ ఆఫీసుకూ మధ్య కాళ్లరిగి, మూడింటికి ఇంట్లో కూలబడి, "పొద్దుటి నుంచీ ఆసులో కండెలా తిరుగుతున్నా" అన్నాను. ఉమామహేశ్వరం చూసిపోదామని పుట్టపాక నుంచి వచ్చిన మా చిన్నమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అంది: "కండె ఏడ తిరుగుతది బిడ్డా? తిరిగేది చెయ్యి."

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పిచ్చి తెలుసు. తిరగలి పోతే దాని చుట్టూ ఉన్న మాటలూ పోయాయని, గిరక బావి పోతే దాని నుడులూ పూడిపోయాయని ఏడాదికి నాలుగు వారాలైనా ఏడుస్తాను. "వారానికో మాటకు పెద్దకర్మ చేస్తున్నారు" అని ఒక పాఠకుడు చురక అంటించాడు కూడా. అలాంటిది, ఇంకా ఊపిరి ఉన్న నుడినొకదాన్ని ముచ్చటగా వాడితే చిన్నమ్మ తప్పు పట్టింది.

చిన్నప్పుడు వేసవి సెలవులకు పుట్టపాకే. తెల్లవారకముందే వీధి పొడుగునా పడుగు సాగేది. గంజి పట్టించిన నూలు పులిసిన వాసన. పెద్ద కుంచెను చెరో కొసా పట్టుకుని ఇద్దరు మగవాళ్లు పడుగు వెంట నడిచేవాళ్లు. తెగిన పోగును వేళ్ల మధ్య నలిపి అతికేవాళ్లు. ఎండ ముదిరితే పోగు పెళుసెక్కుతుందని ఒకటే తొందర. మేకలు, కోళ్లు కిందికి దూరకుండా కాయడం పిల్లల పని. దారిన పోయేవాళ్లు వంగి పోయేవాళ్లే తప్ప విసుక్కున్నవాణ్ని నేను చూడలేదు.

నేత గురించి ఎప్పుడు రాసినా ఆ వీధి గురించే రాశాను. ఊరికొచ్చిన కెమెరాలూ అక్కడే ఆగేవి. ఇంట్లోకి ఎవరూ తొంగిచూడలేదు.

ఇంట్లో చిన్నమ్మ ఆసు ముందు కూర్చునేది. ఒక కొసన ఒక్క మేకు. ఎదురుగా అర్ధచంద్రంలా మేకుల వరస. కండెకు చుట్టిన దారం ఆ ఒక్కదాని నుంచి వరసలో ఒకదానికి, మళ్లీ వెనక్కి, మళ్లీ పక్కదానికి. పేక నూలుకు ముడులు కట్టి రంగులో ముంచాలంటే ముందు ఈ లెక్క కుదరాలి. ఒక చీరకు చెయ్యి 9 వేలసార్లు అటూ ఇటూ పోవాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలైతే 18 వేలు. ఆ ఊపును చూస్తూ నేను హాయిగా నిద్రపోయేవాణ్ని. రాత్రి జడ వేసుకోవడానికి చిన్నమ్మకు చెయ్యి లేచేది కాదు. కూతురు వేసేది.

ఆ భుజం నొప్పినే ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లిలో చూశాడు. ఆరో తరగతితో బడి ఆగిపోయినవాడు 1992లో మొదలుపెట్టి 1999కి ఆసు యంత్రం తయారు చేసి, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. చీరకు గంటన్నర చాలు. 2017లో పద్మశ్రీ, 2019లో సినిమా, మీకు తెలిసినవే. మోటారు పెట్టాక ఇంకేం చేనేత అని ఇదే కాలమ్‌లో నేను గొణిగిన సంగతి మాత్రం పాత పాఠకులు మరిచిపోయి ఉంటే సంతోషం.

'ఆసులో కండె' అనే నుడి కట్టినవాడు ఎవరో గుమ్మంలో నిలబడి చూసినవాడే. కూర్చుని తిప్పినవాళ్లయితే కండె పేరు పెట్టరు. కాబట్టి ఈ వారం దీనికి పెద్దకర్మ చేసేద్దామని, అదీ ఏడవకుండా చేద్దామని కాగితం తీశాను. సగం రాశాక కలం ఆగింది. ఇప్పుడు మోటారు మీద దారం నిజంగానే తనంతట తనే మేకుల మధ్య పరుగెడుతోంది. తిప్పే చెయ్యి లేదు. ఇన్నేళ్లూ అబద్ధమాడిన నుడి ఇప్పటికి నిజమైంది. మాటలను యంత్రాలు చంపుతాయని వాదించే నాకు, ఒక మాటను యంత్రం నిజం చేసి పెట్టింది.

ఇదంతా చిన్నమ్మకు చదివి వినిపించాను. విన్నదో లేదో.

"చాట ఇటియ్యి" అంది, ఎడమ చెయ్యి చాపి.